లింకు ఒకటే, తెరుచుకునే తీరు వేరు: బ్రౌజర్‌లో ఫైళ్ల మీద పెత్తనం ఎవరిది?

గుణుపురంలో ఒక జిరాక్స్ షాపులో లింకు నొక్కితే పీడీఎఫ్ అక్కడికక్కడే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. అదే లింకు ఫోనులో నొక్కితే కిందికి చూపే బాణం ఒకటి మెరిసి మాయమవుతుంది. ఫైలు ఎటు పోయిందో అంతుపట్టదు. పార్వతీపురంలో చదువుకునే పిల్లవాడి లాప్‌టాప్‌లో క్రోమ్‌లో నొక్కితే డౌన్‌లోడ్ అయి, తీరా తెరిస్తే ఎడ్జ్ అనే ఇంకో బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇలాంటప్పుడు మన దగ్గర మూడు తీర్పులు సిద్ధంగా ఉంటాయి: సైట్ బాగాలేదు, సిస్టంలో వైరస్ ఉంది, సర్వర్ డౌన్. చాలాసార్లు ఈ మూడూ తప్పే. మూడు చోట్లా అన్నీ సరిగ్గానే పనిచేస్తున్నాయి. కాకపోతే ఫైలు ఎలా తెరుచుకోవాలన్నది ఒక్కచోట తేలే విషయం కాదు.

రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ తికమక మిగతావాళ్ల కంటే ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయిన నాటి నుంచీ ఇక్కడివాళ్ల కాగితాలు రెండు వైపుల నుంచి వస్తున్నాయి. పర్లాకిమిడిలో ఇల్లు, పక్కనే పాతపట్నం వైపు పొలం ఉంటే ఇంటి పట్టా ఒడియాలో, పొలం 1బి తెలుగులో. ఇక కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్లలోనైతే రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్లున్నారు. ఇప్పుడు ఇవన్నీ కంప్యూటర్ తెర మీదికే వస్తున్నాయి. ఒక్కో సైట్‌ది ఒక్కో పద్ధతి. అందులో ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అన్నది తెలిస్తే జనసేవా కేంద్రంలో సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి మాట సర్వర్‌దే. లింకు నొక్కినప్పుడు అవతలి సర్వర్ ఫైలును ఊరికే పంపదు. కొరియర్ కవర్ మీద "లోపల గాజు సామాను, తలకిందులు చేయవద్దు" అని రాసినట్టు, ఫైలుకు ముందు రెండు మూడు లైన్ల సమాచారం పంపుతుంది. దీన్ని హెడర్ అంటారు. ఇది తెర మీద కనబడదు, బ్రౌజర్ మాత్రమే చదువుకుంటుంది. అందులో ఒక లైను "ఇది ఏ రకం ఫైలు" అని చెబుతుంది. దాని పేరు కంటెంట్-టైప్. ఇంకో లైను "దీన్ని చూపించాలా, దింపి దాచాలా" అని చెబుతుంది. దాని పేరు కంటెంట్-డిస్పొజిషన్. ఈ రెండో లైనులో "ఇన్‌లైన్" అని ఉన్నా, అసలు ఆ లైనే లేకపోయినా బ్రౌజర్ తనకు చేతనైతే ఫైలును ట్యాబ్‌లో చూపిస్తుంది. "అటాచ్‌మెంట్" అని ఉంటే డౌన్‌లోడ్ చేస్తుంది. ఈ లైను అసలు ఈమెయిల్ కోసం పుట్టింది. మెయిల్‌లో వచ్చిన ఫొటో ఉత్తరం మధ్యలో కనబడాలా, కింద జోడింపుగా ఉండాలా అన్నది చెప్పడానికి 1995లో దీనికి తొలి రూపం ఇచ్చి, 1997లో స్థిరపరిచారు. వెబ్‌లో దీన్ని ఎలా వాడాలన్న నియమాలు 2011లో విడిగా వచ్చాయి.

కాబట్టి ఒక ప్రభుత్వ సైట్ తన సర్టిఫికెట్లన్నీ "అటాచ్‌మెంట్" అని పంపుతుంటే క్రోమ్‌లో ఏ సెట్టింగు మార్చినా అవి నేరుగా ట్యాబ్‌లో తెరుచుకోవు. ముందు దిగాల్సిందే, ఆ తర్వాతే తెరుచుకోవడం. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2022 మార్చిలో వచ్చిన 98వ వెర్షన్ నుంచి మధ్యేమార్గం పట్టింది. ఇంతకుముందులా "తెరవాలా, దాచాలా" అని ప్రతిసారీ అడగడం మానేసి, ముందు దింపేసి, పీడీఎఫ్ అయితే తానే ట్యాబ్‌లో చూపిస్తుంది. చూసేవాళ్లకు హాయిగానే ఉంటుంది. కాకపోతే ఇలా చూసిన ప్రతి ఫైలూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటుందని చాలామందికి తెలియదు. దీని సంగతి మళ్లీ చెప్పుకోవాలి.

మొదటి లైను, అంటే ఫైలు రకం తప్పుగా రాసినా తిప్పలే. పీడీఎఫ్‌ని పీడీఎఫ్ అని చెప్పకుండా "ఏదో ఒక బైనరీ ఫైలు" అని పంపే సర్వర్లు ఉన్నాయి. సాంకేతికంగా ఆక్టెట్-స్ట్రీమ్ అంటారు. అదేమిటో చెప్పలేదు కాబట్టి బ్రౌజర్ దాన్ని చూపించే సాహసం చేయదు, దింపేస్తుంది. దానికి తోడు పేరు చివర పీడీఎఫ్ అన్న తోక (.pdf) లేకపోతే, విండోస్ "దీన్ని దేనితో తెరవమంటారు" అని అడుగుతుంది. ఇది చూసే వైరస్ అని భయపడేది. పీడీఎఫ్‌ని వెబ్ పేజీ అని చెప్పి పంపితే ఇంకా వింత: ట్యాబ్ నిండా పిచ్చి గుర్తులు, మొట్టమొదట శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు. అలా కనబడితే ఫైలు పాడైనట్టు కాదు. లింకు మీద కుడి బటన్ నొక్కి "సేవ్ లింక్ యాజ్" అని, పేరు చివర పీడీఎఫ్ తోక తగిలిస్తే మామూలుగా తెరుచుకుంటుంది.

సర్వర్ అడ్డు చెప్పని చోట బ్రౌజర్ సెట్టింగు మాట చెల్లుతుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, పీడీఎఫ్ డాక్యుమెంట్స్ అని అయిదు మెట్లు దిగితే రెండే ఎంపికలు: క్రోమ్‌లో తెరవడం, డౌన్‌లోడ్ చేయడం. ఇంత లోతున ఎందుకు పెట్టారో గూగుల్‌కే తెలియాలి. సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో పీడీఎఫ్ అని కొడితే దారి చూపిస్తుంది. ఎడ్జ్‌లో సైట్ పర్మిషన్స్ కింద "ఆల్వేస్ డౌన్‌లోడ్ పీడీఎఫ్ ఫైల్స్" అన్న స్విచ్ ఉంది. ఈ విషయంలో ఫైర్‌ఫాక్స్‌కే ఎక్కువ మార్కులు వేయాలి. జనరల్ పేజీలో అప్లికేషన్స్ అన్న పట్టికలో ఒక్కో రకం ఫైలుకు ఒక్కో నిర్ణయం తీసుకోవచ్చు: ఫైర్‌ఫాక్స్‌లో తెరువు, దాచు, ప్రతిసారీ అడుగు, ఫలానా ప్రోగ్రాంతో తెరువు. వర్డ్ ఫైలుకు ఒకటి, పీడీఎఫ్‌కి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

క్రోమ్‌లో తెలియకుండా పడే ఉచ్చు ఒకటుంది. డౌన్‌లోడ్ అయిన ఫైలు దగ్గర "ఎప్పుడూ ఈ రకం ఫైళ్లు తెరువు" అన్న ఎంపిక పొరపాటున నొక్కేస్తే, అప్పటినుంచి దిగిన ప్రతి పీడీఎఫ్ దానంతట అదే తెరుచుకుంటూ ఉంటుంది. దీన్ని తీసేయాలంటే పీడీఎఫ్ సెట్టింగులో వెతికితే దొరకదు. డౌన్‌లోడ్స్ సెట్టింగు పేజీలో అడుగున క్లియర్ బటన్ ఉంటుంది. ఆ అలవాటు ఒక్కసారైనా పెట్టి ఉంటేనే ఆ బటన్ కనబడుతుంది.

డౌన్‌లోడ్ అయ్యాక బ్రౌజర్ పని అయిపోయినట్టే. ఇక పెత్తనం ఆపరేటింగ్ సిస్టందే. విండోస్ 10, 11లలో వేరే ప్రోగ్రాం పెట్టుకోకపోతే పీడీఎఫ్‌లు ఎడ్జ్‌లో తెరుచుకుంటాయి. పార్వతీపురం పిల్లవాడి లాప్‌టాప్‌లో జరిగింది అదే. క్రోమ్ తప్పు లేదు, ఎడ్జ్ చొరబాటూ కాదు. డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి పీడీఎఫ్ తోకకు నచ్చిన ప్రోగ్రాం పెట్టుకుంటే సరి. ఫోనులోనూ ఇదే కథ. ఆండ్రాయిడ్ క్రోమ్‌కి చాలా ఏళ్లు సొంత పీడీఎఫ్ వ్యూయర్ లేదు. ఫైలు దింపి, డ్రైవ్ లాంటి ఇంకో యాప్‌కి అప్పగించేది. ఈమధ్యే కొత్త ఫోన్లలో క్రోమ్ లోపలే తెరవడం మొదలైంది. అప్పగించేటప్పుడు "ఒక్కసారికే" లేదా "ఎల్లప్పుడూ" అని అడుగుతుంది. తొందరలో ఏదో ఎడిటింగ్ యాప్ మీద "ఎల్లప్పుడూ" నొక్కేస్తే, ఆ తర్వాత ప్రతి పట్టా ప్రకటనల మధ్య తెరుచుకుంటుంది. ఆ యాప్ సమాచారంలోకి వెళ్లి డిఫాల్ట్ తీసేసేదాకా అంతే.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల విషయం వేరు. వీటిని చూపించే సత్తా బ్రౌజర్లకు సొంతంగా లేదు, కాబట్టి దింపడమే. ఎడ్జ్‌లో "ఆఫీస్ ఫైళ్లను బ్రౌజర్‌లో తెరువు" అన్న స్విచ్ ఉంటుంది గానీ, అది చేసేదేమిటంటే ఆ లింకును మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ వ్యూయర్‌కి ఇచ్చి అక్కడినుంచి చూపించడం. అందరికీ తెరిచి ఉన్న లింకులకే అది పనికొస్తుంది, లాగిన్ వెనకున్న ఫైలుకు పనిచేయదు.

ఇక్కడ పాత కథ కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆ కాలం చిట్కాలు ఇప్పటికీ షాపుల్లో తిరుగుతున్నాయి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వర్డ్ ఫైలు లింకు నొక్కితే వర్డ్ మొత్తం వచ్చి బ్రౌజర్ కిటికీలోనే కూర్చునేది. వర్డ్ మెనూలు సగం ఉండేవి, సగం ఉండేవి కావు. సేవ్ కొడితే ఎక్కడ సేవ్ అవుతుందో తెలిసేది కాదు. దాన్ని వదిలించుకోవడానికి ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఫైల్ టైప్స్ అన్న ట్యాబ్‌లో డాక్ అన్న తోక ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ నొక్కి, "బ్రౌజ్ ఇన్ సేమ్ విండో" అన్న టిక్కు తీసేసేవారు. అప్పట్లో అది బ్రహ్మాండమైన చిట్కా. విండోస్ విస్టాతోనే ఆ ట్యాబ్ పోయింది. ఆఫీస్ 2007 నుంచి ఫైళ్లు వాటంతట అవే సొంత కిటికీలో తెరుచుకోవడం మొదలైంది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది.

పీడీఎఫ్ సంగతి కూడా అలాంటిదే. అడోబి 1993లో ఈ ఫార్మాట్ తెచ్చాక చాలాకాలం బ్రౌజర్‌లో పీడీఎఫ్ చూడాలంటే అడోబి ప్లగిన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) ఉండాల్సిందే. ప్లగిన్ కుప్పకూలితే బ్రౌజర్ కూడా దాంతోపాటే పోయేది. 2010 చివర్లో క్రోమ్ తన సొంత వ్యూయర్ పెట్టుకుంది, 2013 ఫిబ్రవరిలో 19వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ కూడా పెట్టుకుంది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ప్లగిన్లకు తలుపులు మూసేశాయి. అందుకే ఇప్పుడు "అడోబి రీడర్ వేస్తే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది" అన్న సలహాకి అర్థం లేదు. ట్యాబ్‌లో చూపించేది బ్రౌజర్ సొంత సరుకు. అడోబి వేరే పనికి కావాలి, అది సంతకాల దగ్గర వస్తుంది.

అసలు ఈ సెట్టింగులేవీ పనిచేయని చోటు ఇంకొకటుంది, సరిహద్దు జనాలకు రోజూ ఎదురయ్యేది. ఒడిశా భూలేఖ్ సైట్‌లో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుని ఖతియాన్ నంబరో, ప్లాట్ నంబరో ఇచ్చి "ఆర్‌ఓఆర్ ఫ్రంట్ పేజ్" (హక్కుల పత్రం ముందు పేజీ) నొక్కితే పట్టా అచ్చం కాగితంలాగే కనబడుతుంది. కానీ అది ఫైలు కాదు, వెబ్ పేజీ. పీడీఎఫ్ సెట్టింగు ఎలా మార్చినా దానికి పట్టదు. కొత్త కిటికీలో తెరుచుకునే చోట పాపప్ బ్లాకర్ అడ్డుపడితే ఏమీ జరగనట్టే ఉంటుంది. అడ్రస్ బార్ చివర చిన్న ఎర్ర గుర్తు ఉందేమో చూడాలి. దాచుకోవాలంటే కంట్రోల్, పి నొక్కి ప్రింటర్ పేరు ఉండే చోట "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకోవాలి. వెనక పేజీకి మళ్లీ విడిగా చేయాలి. కొందరు అది మరిచిపోయి, తెహసీల్ ఆఫీసు దాకా వెళ్లి తిరిగి వస్తారు. ఇది వివరాలు సరిచూసుకోవడానికే. ఆఫీసు పనికి సర్టిఫైడ్ కాపీ విడిగా తీసుకోవాలి.

వెబ్ పేజీకీ పీడీఎఫ్‌కీ అసలు తేడా అక్షరాల దగ్గర బయటపడుతుంది. వెబ్ పేజీ సాధారణంగా అక్షరాల కోడ్ మాత్రమే పంపుతుంది, రూపం చూసేవాళ్ల కంప్యూటర్‌లోని ఫాంట్ ఇస్తుంది. విండోస్‌లో ఒడియాకు విస్టా నుంచి కళింగ ఫాంట్, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఉన్నాయి. తెలుగుకు ఎక్స్‌పీ నుంచే గౌతమి ఉంది. అంటే ఎక్స్‌పీ కంప్యూటర్‌లో తెలుగు పేజీ చక్కగా కనబడుతూ, పక్కనే ఒడియా పేజీ డబ్బాలు డబ్బాలుగా కనబడేదంటే వింతేమీ లేదు. పీడీఎఫ్ అయితే ఫాంటును తనలో మోసుకెళ్లగలదు. తయారుచేసినవాళ్లు ఫాంటు పొదిగి ఉంటే రాయగడలోనూ, రాజమండ్రిలోనూ ఒకేలా కనబడుతుంది. కాబట్టి ఒడియా పట్టాను ఆంధ్రా వైపు బంధువుకు పంపాలంటే పేజీ లింకు కన్నా, ఇక్కడే పీడీఎఫ్ చేసి పంపడం నయం.

మామూలుగా సేవ్ చేసిన వర్డ్ ఫైలుకు ఈ సుగుణం ఉండదు. పైగా ఇంకో పాత జబ్బు ఉంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే కోడ్ పద్ధతి) రాకముందు నుంచీ ఒడియా డీటీపీ వాళ్లు ఆకృతి ఫాంట్లు, తెలుగు డీటీపీ వాళ్లు అను ఫాంట్లు వాడుతున్నారు. ఇవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల బొమ్మలు కూర్చిన ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మంత్రాల్లాంటి ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. ఏ బ్రౌజర్ సెట్టింగూ దీన్ని బాగుచేయలేదు. ఆ ఫాంటుతో టైపు చేసినవాళ్లే పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. అప్పుడైనా కంటికి బాగుంటుంది గానీ వెతికితే దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నవి ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాలే.

కంటికి సరిగ్గా కనబడి కాగితం మీద చెడేవి కొన్ని. పాత ప్రింటర్ మీద ఒడియా ఒత్తులు చెదిరితే, కొత్త క్రోమ్‌లో పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు మోర్ సెట్టింగ్స్‌లో "ప్రింట్ యాజ్ ఇమేజ్" అన్న టిక్కు ఉంటుంది. అది పెడితే పేజీని బొమ్మగా మార్చి పంపుతుంది. నిదానంగా వస్తుంది, కానీ వస్తుంది.

సంతకాల విషయంలో బ్రౌజర్‌ని నమ్మడం మంచిది కాదు. డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్‌ని క్రోమ్ ట్యాబ్‌లో తెరిస్తే సంతకం చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, "వ్యాలిడిటీ అన్‌నోన్" అన్న మాట కనబడవచ్చు. ఈ-ఆధార్‌లో ఇది అందరూ చూసిందే. చాలామంది దీన్ని చూసి సర్టిఫికెట్ నకిలీదనుకుంటారు. నిజానికి ఆ వ్యూయర్ సంతకాన్ని సరిచూడనే లేదు. ఫైలులో ముందే ఉన్న బొమ్మను ఉన్నట్టు గీసింది, అంతే. సంతకం నిజమైనదైనా, ఎవరైనా మార్చి ఉన్నా ట్యాబ్‌లో అదే ప్రశ్నార్థకం. సరిచూడాలంటే ఫైలు దింపుకుని అడోబి రీడర్‌లో తెరిచి, సంతకం మీద కుడి బటన్ నొక్కి వ్యాలిడేట్ చేయాలి. మొదటిసారి సంతకం ఇచ్చిన సంస్థ సర్టిఫికెట్‌ని నమ్మదగినదిగా చేర్చమంటుంది. అది చేస్తే ప్రశ్నార్థకం పోయి పచ్చ టిక్కు వస్తుంది, అదే సంస్థ సర్టిఫికెట్‌తో వచ్చే తర్వాతి ఫైళ్లకు మళ్లీ చేయక్కర్లేదు. ఇంకో మాట: పచ్చ టిక్కు వచ్చాక ప్రింట్ తీస్తే కాగితం మీద టిక్కు బొమ్మ ఉంటుంది తప్ప సంతకం ఉండదు. సంతకం ఫైలులోనే ఉంటుంది. కాబట్టి ఫైలు అడిగిన చోట ఫైలే పంపాలి, ప్రింట్ తీసి స్కాన్ చేసి పంపితే అసలు సరుకు పోయినట్టే.

ట్యాబ్‌లో చూడటం మంచిదా, దింపుకోవడం మంచిదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు వెతకడం అనవసరం. కంప్యూటర్ ఎవరిదన్నదే తేల్చే విషయం. సొంత కంప్యూటర్‌లో దింపుకోవడమే మేలు: రేపు నెట్ లేకపోయినా ఫైలు ఉంటుంది, సంతకం సరిచూసుకోవచ్చు. నలుగురూ వాడే షాపు కంప్యూటర్‌లో తలకిందులు. ఏ నెట్ సెంటర్‌లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊరందరి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాసు పుస్తకాలు వరుసగా కనబడతాయి. అక్కడ ట్యాబ్‌లో తెరిచి, ప్రింట్ తీసుకుని, మూసేయడం మంచిది. ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిస్తే మూసేసినప్పుడు బ్రౌజర్ జ్ఞాపకాలు పోతాయి. కానీ ఇన్‌కాగ్నిటోలో దింపిన ఫైలు మాత్రం పోదు, ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఇన్‌కాగ్నిటో పేరు చెప్పి ధీమాగా ఉండేవాళ్లు ఈ ఒక్క చోట దెబ్బతింటారు.

పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లలో ఇంకో చిక్కు. ఈ-ఆధార్‌కి పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, పక్కన పుట్టిన సంవత్సరం పాస్‌వర్డ్ అని అందరికీ తెలుసు. బ్రౌజర్ పాస్‌వర్డ్ అడిగి చూపిస్తుంది. ట్యాబ్ పైనున్న డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే తాళం ఉన్న ఫైలే దిగుతుంది. కానీ ప్రింట్‌లోకి వెళ్లి "సేవ్ యాజ్ పీడీఎఫ్" అంటే తాళం లేని కొత్త ఫైలు తయారవుతుంది. దరఖాస్తు సైట్లు పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు తీసుకోవు కాబట్టి షాపుల్లో ఈ పని చేయడం మామూలే. పని అయ్యాక ఆ తాళం లేని కాపీని, రీసైకిల్ బిన్‌తో సహా, తీసేయమని అడగాల్సింది కార్డు గల మనిషే.

షాపు నడిపేవాళ్లు తలుచుకుంటే దీన్ని ఇంకా నికరంగా చేయొచ్చు. క్రోమ్‌కి పాలసీలు అని ఉంటాయి. పెద్ద కంపెనీలు వేల కంప్యూటర్లలో ఒకేసారి సెట్టింగులు బిగించడానికి వాడేవి, రెండు మూడు కంప్యూటర్లున్న కేంద్రానికీ పనికొస్తాయి. విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) క్రోమ్ పాలసీల కింద పీడీఎఫ్‌లు బయట తెరవాలా, లోపలే తెరవాలా అన్నది ఒకసారి రాస్తే ఆ తర్వాత కస్టమర్ ఎవరూ మార్చలేరు. మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అన్న మాట కనబడుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌కీ ఇలాంటిదే ఒక పాలసీ ఫైలు ఉంది. అయితే సొంత ఇంటి కంప్యూటర్‌లో, ఏ పాలసీ పెట్టుకోకుండానే ఆ మాట కనబడితే మాత్రం అనుమానించాలి. కొన్ని దొంగ సాఫ్ట్‌వేర్లు ఈ దారినే చొరబడతాయి.

సిగ్నల్ సరిగా లేని మల్కన్‌గిరి లోపలి ఊళ్లలో ట్యాబ్ తెల్లగా తిరుగుతూ ఉండటానికి కారణం సగం నెట్, సగం ఫైలు. పీడీఎఫ్‌ని తయారుచేసేటప్పుడు "ఫాస్ట్ వెబ్ వ్యూ" పద్ధతిలో సేవ్ చేస్తే, ఫైలులో కొంత కొంత అడిగితే ఇచ్చేలా సర్వర్ ఒప్పుకుంటే, మొదటి పేజీ ముందే కనబడుతుంది, మిగతావి వెనకాల వస్తాయి. లేకపోతే చాలాసార్లు చివరిదాకా దిగాకే చూపిస్తుంది. ఇది సైట్ వాళ్లు చేయాల్సిన పని. చూసేవాళ్లు చేయగలిగింది, అలాంటి పెద్ద ఫైలును ట్యాబ్‌లో ఎదురుచూడకుండా దింపుకోవడం. మధ్యలో సిగ్నల్ పోయినా డౌన్‌లోడ్‌ని చాలాసార్లు ఆగిన చోటునుంచి కొనసాగించవచ్చు.

వాట్సాప్‌లో వచ్చేవాటికి ఈ నియమాలేవీ వర్తించవు, అక్కడ తోక చూడటమొక్కటే రక్ష. పీఎం కిసాన్ జాబితా, ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ అని పేర్లు పెట్టి ఏపీకే తోకతో వచ్చేవి కాగితాలు కావు, యాప్‌లు. ఏ ప్రభుత్వ కాగితమూ ఏపీకే రూపంలో రాదు. తెరిచేముందు ఇన్‌స్టాల్ చేయమని అడిగితే అక్కడితో ఆపేయాలి.

లింకు పంపే మనిషి చేతిలో కూడా చిన్న పెత్తనం ఉంది, దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. వంద పేజీల మెరిట్ లిస్టులో పిల్ల పేరు 37వ పేజీలో ఉంటే, పీడీఎఫ్ లింకు చివర #పేజ్=37 అని తగిలించి పంపవచ్చు. పేజ్ అన్న మాట ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. కంప్యూటర్‌లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏదైనా నేరుగా ఆ పేజీ దగ్గరే తెరుస్తాయి. అదే పద్ధతిలో జూమ్=150 అంటే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, చత్వారం ఉన్న పెద్దవాళ్లకు పంపేటప్పుడు బాగుంటుంది. రెండూ కావాలంటే మధ్యలో & గుర్తు. అయితే హ్యాష్ తర్వాత ఉన్నదాన్ని బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుంటుంది, సర్వర్‌కి పంపదు. కాబట్టి సర్వర్ "అటాచ్‌మెంట్" అని పంపే ఫైలుకు, లేదా ఫోను ఇంకో యాప్‌కి అప్పగించే ఫైలుకు ఇది పనిచేయదు, మొదటి పేజీయే వస్తుంది. ఓటర్ల జాబితాల్లాంటివి బొమ్మల పీడీఎఫ్‌లుగా ఉండటంతో వాటిలో పేరు కొట్టి వెతికినా దొరకదు. ఇలాంటి వాటికి లింకుతో పాటు పేజీ నంబరు, వరుస సంఖ్య మెసేజ్‌లో విడిగా రాసి పంపడమే దారి.